రాజుగారి బొమ్మ ముందు మేము

"తాతా, ఆ రాజుని చంపింది మనమేనంట గదా?"

మా మనవరాలు బడి నుంచి వచ్చి సంచీ ఒక మూల పడేస్తూ అడిగిన మాట ఇది. పిల్లకి తొమ్మిదేళ్ళు. లిస్బన్‌లో చదువుతోంది. అల్లుడిది అక్కడ కంప్యూటర్ ఉద్యోగం. మూడు నెలలుండి వద్దామని మేం ఇద్దరం, ముసలీ ముతకా, 2025లో అక్కడికి పోయాం. ఆ వారం బడిలో వాళ్ళ పాతకాలపు రాజు కథ చెప్పారట. కుర్ర రాజు, పెళ్ళి కూడా కాలేదు, దండు కట్టుకుని సముద్రం దాటి మౌరోల మీదికి యుద్ధానికి పోయాడు, తిరిగి రాలేదు. మౌరోలంటే ఎవరని ఒక పిల్లాడు అడిగితే ముస్లిములని పంతులమ్మ చెప్పిందట. క్లాసులో సగం తలకాయలు మా పిల్ల వైపు తిరిగాయట. ఎవరూ ఏమీ అనలేదు. తిరిగాయి, అంతే.

ఆ తలకాయలు తిరగడం సంగతి మాకు తెలుసు. గుంటూరు జిల్లాలో మా ఊరి బడిలో ఏడో తరగతి చదివేటప్పుడు గజనీ మహమ్మదు పాఠం వచ్చిన రోజున అవే తలకాయలు మా వైపు తిరిగాయి. చెప్పే పంతులుగారు మంచివాడే. మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. కానీ పదిహేడు సార్లు అని ఆయన అన్నప్పుడల్లా వెనక బెంచీ మీద మేం ముగ్గురం తురక పిల్లలం పలకల వైపు చూస్తూ కూచున్నాం. ఒకడు కసాయి ఇంటివాడు. ఒకడు జట్కా సాయిబు కొడుకు. మాది దూదేకుల ఇల్లు. కాస్త గౌరవంగా చెప్పాలంటే నూర్‌బాషాలం. మా తాతలు ఊరూరా తిరిగి పరుపులకీ బొంతలకీ దూది ఏకినవాళ్ళు. మా ఇంట్లో మాట తెలుగే. నమాజు దగ్గర తప్ప అరబ్బీ రాదు, పెళ్ళిళ్ళ దగ్గర తప్ప ఉర్దూ నోరు తిరగదు. ఉర్దూ సాయిబుల లెక్కలో మేం సగం ముస్లిములం, ఊరి లెక్కలో నిండా తురకలం. మామూలు రోజుల్లో ఆ ఇద్దరు పిల్లలు వాళ్ళలో వాళ్ళు ఉర్దూలో మాట్లాడుకుని మమ్మల్ని పక్కన పెట్టేవాళ్ళు. గజనీ మహమ్మదు రోజున మాత్రం ముగ్గురం భుజాలు రాసుకునేంత దగ్గరగా జరిగాం. మమ్మల్ని ముస్లిముల్ని చేసింది మా నాయన కాదు, మౌల్వీగారు కాదు, ఆ పాఠమేనేమో అని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది.

తెలుగులో ఒక సౌకర్యం ఉంది. అదే చిక్కు కూడా. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేం. ఉర్దూలో ఈ తేడా లేదు, 'హమ్' ఒక్కటే. ఇంగ్లీషులోనూ లేదు. తెలుగువాడు మాత్రం నోరు తెరిచిన క్షణాన ఎవర్ని లోపలికి రానిస్తున్నాడో, ఎవర్ని గడప బయట నిలబెడుతున్నాడో తేల్చుకోక తప్పదు. యాభై ఏళ్ళుగా మేం పత్రికలకి, మిత్రులకి, సభల్లోనూ ఏం చెప్పినా 'మేం' అనే మొదలుపెట్టాం. 1992 డిసెంబర్ తర్వాత అది మరీ గట్టిపడింది. మనం అందామని నోటిదాకా వచ్చేది. వినేవాడి మొహం చూసి మేం అనేవాళ్ళం. ఈ పిల్లకి ఆ గొడవేం తెలుసు. మనమేనా అంది. తాతనీ అమ్మమ్మనీ కలుపుకుంది. దాంతోపాటు నాలుగున్నర శతాబ్దాల కిందట మొరాకోలో ఎవరో గుర్రపు రౌతుల్ని కూడా కలుపుకుంది.

జవాబు మా దగ్గర లేదు. చరిత్ర పాఠాలు మేం చదివినవే వేరు. ఆదివారం ఆ రాజు బొమ్మ ఉన్న మ్యూజియానికి పోదామంది మా అమ్మాయి.

జనెలాస్ వెర్దెస్ వీధిలో, అంటే పచ్చకిటికీల వీధిలో, తేజో నది వైపుకి మొహం పెట్టుకుని ఉంటుంది ఆ ప్రాచీన కళల జాతీయ మ్యూజియం. బొమ్మ అంత పెద్దదేం కాదు, మీటరు ఎత్తుంటుంది. గుడ్డ మీద నూనెరంగులు. వెనకాల అంతా చీకటి. ఆ చీకట్లోంచి తొడల దాకా కనబడుతూ ఒక కుర్రాడు. బంగారు పట్టీలతో తాపడం చేసిన ఉక్కు కవచం, మెడచుట్టూ తెల్లటి కుచ్చుల పట్టీ, చేయి కత్తి పిడి దగ్గర. మీసకట్టు కూడా సరిగా రాని మొహం. కింది పెదవి కాస్త ముందుకి. అది వాళ్ళ హాబ్స్‌బర్గ్ వంశం వాటా. పక్క నుంచి ఒక వేటకుక్క తల పైకెత్తి చూస్తోంది. ఆయన దాని వైపు చూడడం లేదు. మనవైపు చూస్తున్నాడు. మనవైపు అనే రాశాం, చెరపడం లేదు. బొమ్మకి మేం వేరు, మీరు వేరు అని ఉండదు. ఎవడొచ్చి నిలబడితే వాడి వైపే చూస్తుంది.

గీసినవాడు క్రిస్తోవావ్ ద మొరాయిస్ అనే ఆస్థాన చిత్రకారుడని చెబుతారు. గీసింది సుమారు 1571-74 మధ్య. అప్పటికి పోర్చుగల్ రాజు సెబాస్టియన్‌కి పదిహేడు నుంచి ఇరవై ఏళ్ళు.

గోడ మీద చీటీ చదివి మా అమ్మాయి తెలుగులో చెప్పింది. ఇరవై నాలుగో ఏట మొరాకోలో ముస్లిముల చేతిలో యుద్ధంలో చచ్చిపోయాడని. అప్పుడు మా లోపల ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. లోపలెక్కడో ఒక మూల చిన్న సంతోషం మెరిసింది. గెలిచామే అనిపించింది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, ఎవడికీ చీమంత అపకారం చేయని మనిషికి, ఆ నూనెరంగుల కుర్రాడు చచ్చిపోయాడంటే సంతోషం! ఒక్క క్షణమే. కానీ వచ్చింది. క్రికెట్ ఆడే రోజుల్లో మా ఊరి టీ కొట్లో రేడియో దగ్గర కూచున్న మా మొహాల్లో జనం వెతికేది ఆ సంతోషం కోసమేనని తెలుసు. అది లేదని చూపించుకోవడానికి ఎన్నిసార్లు అవసరానికి మించి చప్పట్లు కొట్టామో కూడా తెలుసు. లేనప్పుడు లేదని రుజువు చేసుకున్నాం. ఎవరూ అడగని చోట, ఎవరూ చూడని చోట, అది ఉందని బయటపడింది.

తర్వాత ఆ కుర్రాడి కథ అమ్మాయి దగ్గరా పుస్తకాల్లోనూ కూచుని తెలుసుకున్నాం. తెలిసేకొద్దీ ఆ సంతోషం మమ్మల్ని మరింత సిగ్గుపడేట్టు చేసింది.

సెబాస్టియన్ 1554 జనవరి 20న పుట్టాడు. తండ్రి అంతకి పద్దెనిమిది రోజుల ముందే పోయాడు. పుట్టేది మగపిల్లాడు కాకపోతే రాజ్యం స్పెయిన్ చేతిలోకి పోతుందని ఊరంతా భయపడుతున్న సమయం. అందుకే వాడికి 'కోరుకున్నవాడు' అని బిరుదు. తల్లి జువానా స్పెయిన్ రాజకుమారి. స్పెయిన్‌లో రాజ్యం చూసుకునే మనిషి కావలసి వచ్చి, నాలుగు నెలల బిడ్డని అత్తగారి చేతుల్లో పెట్టి ఆమె వెళ్ళిపోయింది. 1573లో చనిపోయేదాకా మళ్ళీ కొడుకుని చూడలేదు. ఉత్తరాలు నడిచాయి. బొమ్మలు గీయించి పంపేవాళ్ళు. కొడుకు ఎంత ఎత్తు పెరిగాడో, మొహంలో తన పోలిక ఏమన్నా వచ్చిందో ఆ తల్లి బొమ్మల్లోనే చూసుకుంది. లిస్బన్‌లోని ఈ బొమ్మ ఆమె కోసమే గీశారని మేం అనడం లేదు. కానీ ఈ సంగతి తెలిశాక కవచం కనబడడం తగ్గి మొహం కనబడడం ఎక్కువైంది.

మూడేళ్ళకి రాజు. ముసలి నాయనమ్మ, చిన్నతాత కార్డినల్ పెంచారు. జెసూట్ పాదిరీలు చదువు చెప్పారు. పద్నాలుగో ఏట పాలన చేతికొచ్చింది. పెళ్ళి ఊసెత్తితే తప్పించుకునేవాడు. ఆఫ్రికా మీద దండయాత్ర ఒక్కటే యావ. చుట్టూ ఉన్నవాళ్ళు ఎగదోశారు. గోవాలో బతికి వచ్చిన కవి కమాయిష్ 1572లో తన మహాకావ్యాన్ని ఈ కుర్రాడికే అంకితమిచ్చి, ముస్లిముల మీదికి కత్తి దూయమని పొగిడాడు. కుర్రాళ్ళకి ఇలాంటి కథలు చెప్పి కవచం తొడిగే పెద్దలు ఆ దేశంలోనే ఉన్నారా? మా ఊళ్ళో ఇటూ అటూ కూడా ఉన్నారు. కాషాయం కట్టిన కుర్రాడి కళ్ళలోనూ, బహిష్టులో చోటు ఖాయమని ఎవరో చెబితే నమ్మిన మా కుర్రాడి కళ్ళలోనూ ఆ బొమ్మలోని చూపే చూశాం. దాన్ని ధైర్యమంటారు జనం. మాకు మాత్రం ఇంటికి రాత్రి ఆలస్యంగా వచ్చే పిల్లాడి చూపులా అనిపించింది.

అలాగని ఆ రాజు అమాయకుడని తీర్పు చెప్పడానికి మాకు నోరు రావడం లేదు. ఆయన పేరు మీద ఏం జరిగిందో మన సముద్రానికి తెలుసు. ఆయనకి ఆరేళ్ళున్నప్పుడు, 1560లో, గోవాలో మతవిచారణ న్యాయస్థానం పెట్టారు. అది 1812 దాకా మనుషుల్ని పట్టి పీడించింది. ఆయన హయాంలోనే, అంతకు ముందూ వెనకా కూడా, అరేబియా సముద్రంలో తిరిగే ప్రతి ఓడా పోర్చుగీసు వాళ్ళకి డబ్బు కట్టి 'కర్తాజ్' అనే పరవానా తీసుకోవాలి. లేకపోతే ఓడ వాళ్ళది. హజ్‌కి పోయే ఓడలక్కూడా అదే కట్టుబాటు. అక్బరు దర్బారులో మఖ్దూముల్ ముల్క్ అనే పెద్ద ఆలిం హజ్ ఇక విధి కాదని ఫత్వా ఇచ్చాడట. నేల దారిన పోతే షియాల రాజ్యం దాటాలి, నీటి దారిన పోతే మేరీ, యేసుల బొమ్మలు ముద్రించిన పోర్చుగీసు పరవానా చేత పట్టుకోవాలి, బొమ్మని మోసుకుంటూ కాబాకి పోవడమేమిటని. బదాయునీ ఈ సంగతి రాశాడు, మఖ్దూముల్ ముల్క్‌ని వెక్కిరిస్తూనే రాశాడు. అక్బరు మేనత్త గుల్బదన్ బేగం మాత్రం ఆగలేదు. 1575లో బయలుదేరి, సూరత్‌లో ఏడాది దాకా పడిగాపులు పడి, ఆ చుట్టుపక్కల ఒక ఊరు పోర్చుగీసు వాళ్ళకి ధారపోశాక గాని ఓడ కదల్లేదు. ఆ రోజుల్లో లిస్బన్ సింహాసనం మీద ఉన్నది ఈ బొమ్మలో కుర్రాడే. మక్కాకి పోవడానికి ఒక ముసలామె ఎవరి పేరు మీద పరవానా కోసం కాచుకుని కూచుందో, వాడే కుక్కని పక్కన పెట్టుకుని మమ్మల్ని చూస్తున్నాడు.

హజ్, ఓడ, బొమ్మ. ఈ మూడూ కలిసేసరికి మా నాయన గుర్తుకొచ్చాడు. మా ఇంట్లో గోడ మీద కాబా ఉన్న క్యాలెండరు తప్ప ఇంకో బొమ్మ ఉండేది కాదు. ఉరుసులో అమ్మే బురాఖ్ బొమ్మ, ఆడమొహమూ రెక్కలూ ఉన్న గుర్రం, ఒకసారి కొనుక్కొస్తే మా నాయన దాన్ని మడిచి చూరులో దోపాడు. ప్రాణమున్నదాన్ని గీస్తే రేపు కయామత్ రోజున దానికి ప్రాణం పొయ్యమంటారని భయం. పెళ్ళిళ్ళలో ఫోటో తీసేవాడు వస్తే పక్కకి తప్పుకునేవాడు. అలాంటి మనిషి 1979లో బొంబాయి నుంచి ఓడ మీద హజ్‌కి పోవడానికి కాగితాలు కడితే ఫోటో కావాలన్నారు. వారం రోజులు నానా హైరానా పడ్డాడు. చివరికి మౌల్వీగారిని అడిగి, టౌన్లో స్టూడియోకి పోయి స్టూలు మీద కూచున్నాడు. ఆయన జన్మకల్లా ఆయన బొమ్మ అదొక్కటే. మనిషి పోయాక పాతికేళ్ళు ట్రంకు పెట్టె అడుగున కిష్కింధలా పడి ఉన్న కాగితాల్లో ఉండిపోయింది. గోడకి తగిలించాలా వద్దా అని అన్నదమ్ములం ఎన్నిసార్లు కొట్లాడుకున్నామో. తగిలించలేదు. ఫోన్లోకి ఎక్కించుకుని ఎవరికి వాళ్ళం చాటుగా చూసుకుంటున్నాం.

ఇక యుద్ధం. పిల్లకి జవాబు చెప్పాలంటే దాని సంగతి తేల్చక తప్పదు.

1578 ఆగస్టు 4. మొరాకో ఉత్తరాన కస్రుల్ కబీర్ అనే ఊరి దగ్గర. మూడు రాజుల యుద్ధమని దాన్ని అంటారు. ముగ్గురిలో ఇద్దరు ముస్లిములు. అందులో ఒకడు సెబాస్టియన్ పక్షం. అతని పేరు ముహమ్మద్ అల్ ముతవక్కిల్. మొరాకో గద్దె మీద ఉన్నవాణ్ణి 1576లో సొంత పినతండ్రి అబ్దుల్ మలిక్ తురుష్క సైన్యాల సాయంతో దించేశాడు. గద్దె తిరిగి ఇప్పించమని అతను పోర్చుగల్ రాజుని పిలుచుకొచ్చాడు. కుర్రాడు కలగంటున్న ధర్మయుద్ధం మొదలైందే ఒక ముస్లిం ఇంటి దాయాదుల తగాదాలో! పోర్చుగల్ దండులో జర్మన్లు, ఇటాలియన్లు, స్పెయిన్‌వాళ్ళు కిరాయికి వచ్చినవాళ్ళు. ముతవక్కిల్ మనుషులూ ఉన్నారు. అవతల అబ్దుల్ మలిక్ వైపు అరబ్బులు, బెర్బెర్లు, స్పెయిన్‌లో బతకనివ్వక పారిపోయి వచ్చిన ఆందలూసియా తుపాకీ వీరులు, క్రైస్తవం వదిలి వచ్చిన యూరోపువాళ్ళు.

ఆగస్టు ఎండలో ఉక్కు కవచాలు తొడుక్కుని పోర్చుగీసు దండు సముద్రం వదిలి లోపలికి నడిచింది. నాలుగ్గంటల్లో అయిపోయింది. ఎనిమిది వేలమంది దాకా చచ్చారు. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది బందీలు. అప్పటికే జబ్బుతో ఉన్న అబ్దుల్ మలిక్ యుద్ధం జరుగుతుండగానే డోలీలో ప్రాణం వదిలాడు. దండు చెదిరిపోకుండా ఆ మాట దాచారు. ముతవక్కిల్ పారిపోతూ ఏట్లో పడి చచ్చాడు. సెబాస్టియన్ పోరులోనే పోయాడు. గెలిచినట్టు చూడ్డానికి ముగ్గురిలో ఒక్క రాజూ మిగల్లేదు.

ఇది చదివి మాకు తళ్ళికోట గుర్తుకొచ్చింది. తెలుగునాట పుట్టినవాళ్ళకి గుర్తుకు రాక మానదు. 1565 జనవరిలో రాక్షస తంగడి దగ్గర హిందూ రాజ్యాన్ని ముస్లిములు నాశనం చేశారని మాకు నేర్పారు. రామరాయల దండులో గిలానీ సోదరులని ముస్లిం సేనానులు ఉన్నారనీ, అవతల సుల్తానుల దండుల్లో హిందువులు ఉన్నారనీ ఆ పాఠంలో లేదు. ఆ సుల్తానుల్లో ఒకడైన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్షా అంతకు ముందు ఏడేళ్ళు విజయనగరంలోనే తలదాచుకుని, తెలుగు నేర్చి, తెలుగు కవుల నోట మల్కిభరాముడైనవాడు. అద్దంకి గంగాధర కవి తన కావ్యం ఆయనకే అంకితమిచ్చాడు. పాఠం రాసినవాడికి ఇవన్నీ తెలియవని కాదు. ఇవి చెబితే క్లాసులో తలకాయలు ఎటు తిరగాలో తెలియక పిల్లలు తికమక పడతారు.

అయితే దీన్ని ఆసరా చేసుకుని, చూశారా, మతం లేదు ఏం లేదు, అంతా రాజుల ఆట అని చేతులు దులుపుకోవడం కూడా మాకు ఇష్టం లేదు. మా సెక్యులర్ మిత్రులు చాలామంది ఆ మాట చెప్పి మా వీపు తడుతుంటారు. సెబాస్టియన్‌కి మతం ఉంది. నిండా ఉంది. దానికోసమే చచ్చాడు. అవతలివాళ్ళు జిహాద్ అనే అనుకున్నారు. ముతవక్కిల్ శవాన్ని ఏట్లోంచి తీసి, చర్మం ఒలిచి, గడ్డి కూరి ఊరేగించారు. మొరాకోవాళ్ళు ఇప్పటికీ అతన్ని 'చర్మం ఒలిచినవాడు' అనే పిలుస్తారు. మా పక్షమని మేం ఒక్క క్షణం సంతోషించింది వీళ్ళ గురించే. అబ్దుల్ మలిక్ తమ్ముడు అహ్మద్ ఆ రోజే సుల్తానయ్యాడు. బందీల విడుదలకి వచ్చిన బంగారంతో మెరిసిపోయాడు. మరాకెష్‌లో బదీ మహలు కట్టించాడు. పదమూడేళ్ళ తర్వాత, 1591లో, ఆయన దండు సహారా ఎడారి దాటి సోంఘాయ్ రాజ్యాన్ని కూల్చింది. అది ముస్లిం రాజ్యమే. తింబక్తు పండితుడు అహ్మద్ బాబాని సంకెళ్ళు వేసి మరాకెష్‌కి నడిపించారు. అప్పుడు ఓడిపోయిన మనం ఎవరు? గెలిచిన మనం ఎవరు?

రాజు చచ్చాడంటే పోర్చుగల్ నమ్మలేదు. ముసలి కార్డినల్ గద్దెనెక్కి 1580లో పోయాడు, రాజ్యం స్పెయిన్ పాలైంది, 1640 దాకా అలాగే ఉంది. పొగమంచు ఉదయాన కుర్ర రాజు గుర్రమెక్కి తిరిగొస్తాడని జనం కనిపెట్టుకుని కూచున్నారు. నేనే ఆ రాజునని నలుగురు దొంగరాజులు కూడా బయలుదేరారు. అందులో ఒకడు స్పెయిన్‌లో మిఠాయిలు చేసుకునేవాడు, 1595లో ఉరి తీశారు. శవాన్ని మొరాకో సుల్తాను సియూటాలో అప్పగిస్తే 1582లో లిస్బన్‌కి తెచ్చి జెరోనిమోస్ మఠంలో పెట్టారు. ఆ సమాధి చూశాం. పాలరాతి ఏనుగులు మోస్తున్నాయి. ఏనుగులు! మన దేశం నుంచి పోయిన ఆలోచన అది. సమాధి మీద చెక్కిన మాటల్లో కూడా, లోకం చెప్పుకునేది నిజమే అయితే ఇందులో ఉన్నది ఆయనే అన్న అర్థం ఉందట. రాతి మీద కూడా అనుమానమే. రొస్సియో స్టేషను ముంగిట గూట్లో ఆయన విగ్రహం ఒకటుండేది. 2016లో ఒక కుర్రాడు సెల్ఫీ కోసం పైకెక్కితే పడి ముక్కలైంది.

మ్యూజియం చూసి వస్తూ మౌరారియా పేటలో భోజనానికి ఆగాం. పేరులోనే ఉంది, మౌరోల పేట. 1147లో లిస్బన్‌ని గెలిచిన క్రైస్తవ రాజు, మిగిలిన ముస్లిముల్ని కోట కిందికి నెట్టి అక్కడ ఉండనిచ్చాడు. మూడున్నర శతాబ్దాలు అక్కడే ఉన్నారు. 1496 చివర్లో, మతం మారండి లేదా దేశం వదలండి అని ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు ఆ సందుల్లో బంగ్లాదేశ్, పాకిస్తాన్, నేపాల్, ఇండియా మనుషులు. కొత్తిమీర వాసన, ఫోన్ రీఛార్జి దుకాణాలు, హలాల్ మాంసం కొట్లు. ఐదువందల ఏళ్ళ తర్వాత పేట మళ్ళీ తన పేరుకి తగ్గట్టయింది. అక్కడే బెన్‌ఫొర్మోజో వీధిలో 2024 డిసెంబర్ 19న పోలీసులు దారి మూసి, దొరికినవాళ్ళని దొరికినట్టు గోడకి మొహం పెట్టించి, చేతులెత్తించి, వరసగా నిలబెట్టి సోదా చేశారు. ఆ ఫోటో దేశమంతా చూసింది. అదీ ఒక బొమ్మే. అందులో ఒక్కడి మొహమూ కనబడదు. మాకు అది చూపించింది హోటల్లో పక్క బల్ల దగ్గర కూచున్న సిల్హెట్ మనిషి. ఆ గోడకి చేతులాన్చినవాళ్ళలో తన గదివాడు ఉన్నాడన్నాడు. ఆ తర్వాతి మాట కూడా అతనే చెప్పాడు. జనవరిలో వేలమంది పోర్చుగీసువాళ్ళు, మమ్మల్ని గోడకి నెట్టొద్దని అరుస్తూ ఊరేగింపు తీశారట. మమ్మల్ని అని. నెట్టింది వాళ్ళని కాదు.

భాష కూడా ఆ ఊళ్ళో మమ్మల్ని వదల్లేదు. ఏదన్నా జరగాలని కోరుకుంటే అక్కడివాళ్ళు 'ఒషాలా' అంటారు. చర్చికి పోయే ముసలమ్మ కూడా అంటుంది. అది మన ఇన్షా అల్లా లాంటి మాటలోంచే పుట్టింది. ఆలివ్ నూనెని 'అజైత్' అంటారు, అదీ అరబ్బీ మాటే. ముస్లిముల్ని వెళ్ళగొట్టారు గాని నాలుక మీంచి తుడవలేకపోయారు. మా తెలుగు మాత్రం? ఇస్త్రీ, మేస్త్రీ, వేలం, అనాస, అలమర, ఇవన్నీ ఆ కుర్ర రాజు ఓడల్లో దిగిన మాటలు. జవాబు, హక్కు, వకీలు, తారీఖు వేరే దారిన వచ్చాయి. ఒకే వాక్యంలో పక్కపక్కన కూచుంటాయి, ఏనాడూ పోట్లాడుకోలేదు.

ఇంటికొచ్చి పిల్లకి జవాబు చెప్పడానికి కూచున్నాం. మేం ఒక మాటంటే అమ్మమ్మ ఇంకోటి అంది. చంపింది మనం కాదమ్మా అని చెప్పడం తేలిక. కానీ అలా చెబితే ఆ తలకాయలు తిరిగినందుకు తప్పించుకున్నట్టవుతుంది. తప్పించుకుని తప్పించుకునే ఈ వయసుకొచ్చాం. అవును, మనమే అంటే? అది అబద్ధం. పైగా ప్రమాదం. చివరికి ఉన్న కథంతా చెప్పాం. పినతండ్రి, అన్నకొడుకు, కిరాయి సిపాయిలు, డోలీలో చచ్చిన సుల్తాను, కొడుకుని బొమ్మల్లో చూసుకున్న తల్లి. చర్మం ఒలిచిన సంగతి మాత్రం చెప్పలేదు. పిల్ల అంతా విని, "అయితే రాజు వైపు కూడా మనవాళ్ళున్నారన్న మాట" అంది. ఉన్నారన్నాం. "మరి మా మిస్ అది చెప్పలేదు." నువ్వు చెప్పు అంది అమ్మమ్మ. పిల్ల కాసేపు ఆలోచించి, "చెబితే మళ్ళీ అందరూ నా వైపే చూస్తారు" అంది.

చెప్పిందో లేదో మాకు తెలియదు. మేం అడగలేదు.

బడికి ఆ రాజు బొమ్మ గీసుకుపోవాలట. బల్ల మీద రంగు పెన్సిళ్ళు పరుచుకుని కూచుంది. కుక్క బాగా వచ్చింది. రాజు కళ్ళే కుదరడం లేదంది. మీ నాన్న బొమ్మ లేదా తాతా అని మధ్యలో అడిగింది. ఫోన్ తీసి చూపించాం. స్టూలు మీద తెల్ల టోపీతో, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, మెడ బిగబట్టుకుని ఉన్న మా నాయన. పిల్ల ఫోన్‌ని తన కాగితం పక్కన పెట్టి రెండిటినీ మార్చి మార్చి చూసింది.

"ఇద్దరూ నవ్వట్లేదేం?"

స్టూడియోవాడు కదలొద్దన్నాడంటమ్మా అన్నాం. పిల్ల రబ్బరు తీసుకుని రాజు నోరు చెరిపి మళ్ళీ గీయడం మొదలుపెట్టింది.